కళావీథి: కదిలే గీతల కర్త రామ్ మోహన్

డబ్ల్యూఆర్ఎస్ కాలనీలోని ఒక మిత్రుని కుమారుడు పన్నెండవ తరగతిలో గణితానికి మంచి మార్కులే తెచ్చుకున్నాడు. అయినా ఇంజనీరింగులో చేరనని, కదిలే బొమ్మల చిత్రాలు తీయడం నేర్చుకుంటానని పట్టుబట్టి కూర్చున్నాడట. “బొమ్మలు గీసుకుని బతకగలడా? మీరు చదువుకున్నవారు, చెప్పండి” అని తండ్రి నన్నడిగారు. ప్రశ్న చిన్నది గాని, దానికి నోటిమాటగా జవాబు చెప్పడం భావ్యమనిపించలేదు. ఇంజనీరు పట్టా గల ఏ పెద్దమనిషి అయినా ఇటువంటి సందర్భంలో అప్రయత్నంగా ఇంజనీరింగు వైపే మొగ్గుతాడు. కావున ఈ మాసపు శీర్షికలో నా అభిప్రాయం కంటె ముందుగా, ఆ వృత్తిలోనే జీవితమంతా గడిపిన ఒక వ్యక్తి చరిత్రను పాఠకుల ముందుంచుతున్నాను.

ముందుగా ఒక మాట. ఈ విద్య మన ఊరికి బొత్తిగా కొత్తది కాదు. గుజరాతీ చలనచిత్రరంగంలో సుప్రసిద్ధుడైన కాంతిలాల్ రాథోడ్ 1925లో ఈ రాయపూర్‌లోనే జన్మించారు. అమెరికాలోని చికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లోను, సిరక్యూస్ విశ్వవిద్యాలయంలోను చదివి, స్వదేశానికి వచ్చి బొమ్మల చిత్రాలు, లఘుచిత్రాలు తీశారు. పన్నాలాల్ పటేల్ రచన ఆధారంగా 1969లో ఆయన తీసిన ‘కంకు’ గుజరాతీ భాషలో ఉత్తమచిత్రంగా జాతీయ పురస్కారం పొందింది. ఆ చిత్ర కథానాయిక పల్లవీ మెహతాకు చికాగో చిత్రోత్సవంలో ఉత్తమనటి బహుమతి లభించింది. రాథోడ్ 1988లో మరణించారు. ఆయన పేరు మన ఊళ్ళో ఎందరికి తెలుసునో చెప్పలేను. నేనడిగిన పదిమందిలో ఒక్కరికీ తెలియదు.

అయితే బొమ్మల చిత్రాన్నే జీవితకాలపు వృత్తిగా స్వీకరించి, ఈ దేశంలో దానికొక శాఖగా నిలబడే అర్హతను సంపాదించిపెట్టినవారు రామ్ మోహన్. భారతీయ యానిమేషన్‌కు పితామహుడని ఆయనను పిలవడం పరిపాటి. ఇందులో కొంత ఔదార్యం ఉన్నది. దాదాసాహెబ్ ఫాల్కే 1915 నాటికే అగ్గిపుల్లలను ఒక్కొక్కటిగా జరుపుతూ ఫోటోలు తీసి వాటిని కదిలించారు. 1934లో కలకత్తాలోని న్యూ థియేటర్స్ సంస్థ నుంచి ‘పీ బ్రదర్స్’ అనే చిన్న చిత్రం వెలువడింది. మద్రాసులో జెమినీవారు కూడ ప్రయత్నించారు. అయితే అవన్నీ ఒంటరి ప్రయత్నాలు. ఒకరు తీసినదాన్ని చూసి మరొకరు నేర్చుకుని, ఆ పదిమందీ మరో వందమందికి నేర్పే ఏర్పాటు లేనప్పుడు ఏ విద్య అయినా పుట్టినచోటనే ఆగిపోతుంది. ఆ ఏర్పాటు మన దేశంలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో మొదలైంది. మనబోటి పాఠకులు ఈ విషయాన్ని ప్రత్యేకంగా గమనించవలెను.

రామ్ మోహన్ 1931 ఆగస్టు 26న జన్మించారు. చదివినది చిత్రకళ కాదు. మద్రాసు విశ్వవిద్యాలయం నుంచి రసాయనశాస్త్రంలో పట్టభద్రులు. 1956లో బొంబాయిలోని ఫిలిమ్స్ డివిజన్‌లో, అప్పుడే ఏర్పడిన కార్టూను చిత్రాల విభాగంలో ఉద్యోగిగా చేరారు. ఫిలిమ్స్ డివిజన్ అనగానే నా ఈడువారికి సినిమాహాలులో అసలు చిత్రానికి ముందు నలుపు తెలుపుల్లో వచ్చే వార్తాచిత్రం, దాని గంభీరమైన వ్యాఖ్యానం గుర్తుకు వస్తాయి. 1948లో స్థాపితమైన ఆ సంస్థ చిత్రాలను ప్రతి సినిమాహాలులోను తప్పనిసరిగా చూపించేవారు. జనం ఆ సమయంలో వేరుశెనగకాయలు కొనుక్కుని లోపలికి వచ్చేవారన్నమాట నిజమే. అయినా దేశమంతటా ఒకే చిత్రాన్ని అన్ని భాషలలో చూపించగల వసతి అప్పుడు మరెవరికీ లేదు. జనాభా నియంత్రణ గురించి, పొదుపు గురించి, పారిశుద్ధ్యం గురించి అక్షరాలు రానివారికి చెప్పవలసి వచ్చినప్పుడు బొమ్మకు మించిన సాధనం లేదని గ్రహించిన అధికారులెవరో ఆ సంస్థలో ఉండి ఉండాలి. వారి పుణ్యమా అని ఆ విభాగం పుట్టింది.

అక్కడి యువకులకు పని నేర్పడానికి అమెరికా సాంకేతిక సహాయ పథకం కింద క్లెయిర్ వీక్స్ అనే నిపుణుడు వచ్చాడు. ఆయన వాల్ట్ డిస్నీ సంస్థలో ‘బాంబీ’, ‘పీటర్ పాన్’ వంటి చిత్రాలకు పనిచేసినవాడు. భిలాయిలో ఉక్కు కర్మాగారం కట్టడానికి రష్యా నిపుణులు వచ్చినట్లే, దాదాపు అదే కాలంలో, బొంబాయికి బొమ్మల నిపుణుడొకడు వచ్చాడన్నమాట. మన రెండవ పంచవర్ష ప్రణాళిక నాటి ఉత్సాహం అటువంటిది. కొలిమి నుంచి కుంచె వరకు అన్నీ నేర్చుకోవాలనే తపన అది.

ఇక ఆ పని ఎట్లా జరుగుతుందో కొంచెం వివరంగా చెబుతాను. యంత్రశాలలో పనిచేసేవారికి ఇది బాగా బోధపడుతుంది.

సినిమాలో ఒక సెకనుకు 24 ఫ్రేములు కదులుతాయి. మామూలు సినిమాలో కెమెరా వాటిని దానంతటది పట్టుకుంటుంది. బొమ్మల చిత్రంలో ఆ ఒక్కొక్క ఫ్రేమూ చేతితో గీయాలి. ఒక బొమ్మను రెండు ఫ్రేముల సేపు నిలిపినా కంటికి తేడా తెలియదు కనుక సాధారణంగా సెకనుకు 12 బొమ్మలతో సరిపెడతారు. ఒక మనిషి చెయ్యి ఎత్తి నమస్కారం పెట్టాలనుకోండి. ప్రధాన చిత్రకారుడు చెయ్యి కింద ఉన్న బొమ్మ, చేతులు జోడించిన బొమ్మ, మధ్యలో ముఖ్యమైన భంగిమ ఒకటి రెండు గీసి ఇస్తాడు. వాటి నడుమ ఉండవలసిన బొమ్మలన్నీ సహాయకులు పూరిస్తారు. అడుగున దీపం వెలిగే గాజుబల్ల మీద ముందు బొమ్మ, తరువాతి బొమ్మ పెట్టి, పైన తెల్లకాగితం వేసి, ఆ రెంటి నడుమ గీత ఎక్కడ పడాలో చూసుకుని గీయడమే వారి పని. డ్రాయింగు ఆఫీసులో ట్రేసింగు కాగితం మీద ఇండియన్ ఇంకుతో గీతలు గీసిన పాతతరం ట్రేసర్లకు ఈ బల్ల చూస్తే సొంత ఇంటికి వచ్చినట్లుంటుంది.

కాగితాలు వెంట్రుకవాసి పక్కకు జరిగినా తెరమీద బొమ్మ వణుకుతుంది. అందుకని ప్రతి కాగితానికి అంచున రంధ్రాలు చేసి, బల్లకు బిగించిన పిన్నులలో గుచ్చుతారు. జిగ్గులో పనిముక్కను లొకేటింగు పిన్నులతో నిలబెట్టే సూత్రమే ఇది. బొమ్మలు గీశాక వాటిని సెల్ అనే పారదర్శకమైన పలకల మీదకు ఎక్కించి, వెనుకవైపు నుంచి రంగులు నింపి, వేరుగా చిత్రించిన నేపథ్యం మీద ఉంచి ఒక్కొక్కటిగా ఫోటో తీస్తారు. ఏ ఫ్రేములో ఏ పలక, ఎన్ని ఫ్రేములసేపు, కెమెరా ఎంత జరగాలి అన్న వివరాలన్నీ రాసి ఉంచే పట్టీకి ఎక్స్‌పోజరు షీటని పేరు. మన షాపులలోని జాబ్ కార్డుకు అది అచ్చంగా చుట్టమే. ఇప్పుడు గాజుబల్ల స్థానంలో కంప్యూటరు వచ్చింది, పలకలు పోయాయి, రంగులు తడి ఆరే వరకు వేచి ఉండనక్కరలేదు. కాని ఏ భంగిమ తరువాత ఏ భంగిమ, ఎంత వ్యవధిలో రావాలన్న నిర్ణయం మాత్రం ఈనాటికీ మనిషిదే.

దర్శకుడనేవాడు ఈ మొత్తం శ్రమకు ముందే చిత్రమంతా బొమ్మల వరుసగా గీసి గోడకు అంటిస్తాడు. ఈ పద్ధతి మామూలు సినిమాలలో కూడ పాటించి తెలుగువారికి చూపించినవారు బాపుగారు. ఆయన న్యాయశాస్త్రం చదివి చిత్రకారులై, తరువాత దర్శకులయ్యారు. చిత్రీకరణకు పోకముందే దృశ్యాలన్నీ కాగితం మీద గీసుకునేవారు. ‘సీతాకల్యాణం’ చూసినవారికి ఆ తెర నిండుగా వేసిన కాలెండరు బొమ్మల వలె ఎందుకుంటుందో దీనివల్ల అర్థమవుతుంది. రసాయనశాస్త్రం చదివినవారొకరు, లా చదివినవారొకరు. పట్టా ఒకటి, పని ఒకటి కావడం మన దేశంలో దోషమేమీ కాదు.

వీక్స్ శిక్షణలో ఆ విభాగం తయారు చేసిన తొలి ముఖ్యచిత్రం 1957లో వచ్చిన ‘ది బన్యన్ డీర్’. మర్రిచెట్టు లేడి కథ, బుద్ధుని జాతకకథలలోనిది. గర్భిణి అయిన లేడికి బదులుగా తన తల నిచ్చుకోవడానికి ముందుకు వచ్చిన లేళ్ళరాజు వృత్తాంతం. కదలికలోని ఒడుపు డిస్నీది, రూపురేఖల ఊహ అజంతా గోడలది. రెండూ పూర్తిగా కలిసిపోయినవని నేననను. కొన్ని చోట్ల లేళ్ళు మనదేశపు లేళ్ళుగాను, మరికొన్ని చోట్ల అమెరికా అడవిలోని బాంబీకి పినతండ్రి పిల్లలుగాను కనిపిస్తాయి. తొలి ప్రయత్నంలో గురువుగారి చేయి కనిపించడం సహజమే. ‘హోమో సాప్స్’ అనే పేరుతో రామ్ మోహన్ 1967లో తీసిన చిన్న చిత్రం నాటికి ఆ చేయి మాయమైంది. దానికి జాతీయ పురస్కారం వచ్చింది. గీత పొదుపయింది, హాస్యం పదునెక్కింది. డిస్నీలాగా సెకనుకిన్ని బొమ్మలని ఖర్చుపెట్టే స్తోమత మనకు లేదు గనుక, తక్కువ గీతలతో ఎక్కువ చెప్పే పద్ధతిని ఆయన సాధించారు. పేదరికం నేర్పిన శైలి అనవచ్చు.

1968లో రామ్ మోహన్ ప్రభుత్వోద్యోగం వదులుకున్నారు. పన్నెండేళ్ళ సర్వీసు, ముప్పైయేడేళ్ళ వయస్సు. చేరినది ప్రసాద్ ప్రొడక్షన్స్‌లో, ఆ సంస్థ యానిమేషన్ విభాగానికి అధిపతిగా. ఏలూరు ప్రాంతం నుంచి బొంబాయికి పోయి, హిందీలో తొలి టాకీ ‘ఆలం ఆరా’లోను, తెలుగు ‘భక్త ప్రహ్లాద’లోను, తమిళ ‘కాళిదాస్’లోను నటించిన ఎల్.వి. ప్రసాద్ గారి సంస్థ అది. కొత్త యంత్రం, కొత్త విద్య కనబడితే విడిచిపెట్టని స్వభావం ఆయనది. నాలుగేళ్ళ తరువాత, 1972లో రామ్ మోహన్ సొంతంగా ‘రామ్ మోహన్ బయోగ్రాఫిక్స్’ అనే సంస్థను నెలకొల్పుకున్నారు.

ఇక్కడ ఒక మాట చెప్పకతప్పదు. ప్రతిభావంతుడు బయటకు పోతే ప్రభుత్వ సంస్థ విఫలమైందని అనడం మనకు అలవాటయింది. నేనట్లా అనుకోను. ఆ పన్నెండేళ్ళు నెలజీతమిచ్చి, విదేశీ గురువును రప్పించి, లాభం రానవసరం లేని చిత్రాలమీద చేయి తిరగనిచ్చే యజమాని బొంబాయి బజారులో ఎవరున్నారు? ఒక రసాయనశాస్త్ర పట్టభద్రుణ్ణి దర్శకుణ్ణి చేసింది ఆ కార్యాలయమే. అయితే ఒక కార్యాలయం తీయించే చిత్రాలకు దాని అవసరాలే హద్దు. ఆ హద్దు తెలిసిన తరువాత అక్కడే ఉండి గొణుగుతూ కాలం వెళ్ళదీయకుండా, పింఛను మీద ఆశ వదులుకుని ఆయన కదిలారు. ఆ నిర్ణయం నాటి ఇంటి పరిస్థితి ఎట్లా ఉండి ఉంటుందో సంసారులందరూ ఊహించుకోగలరు.

బయటి ప్రపంచంలో అన్నం పెట్టినవి వ్యాపార ప్రకటనలు, సినిమాల ఆరంభంలో వచ్చే పేర్ల బొమ్మలు. ‘పతి పత్నీ ఔర్ వో’ వంటి హిందీ చిత్రాలకు ఆయన చేసిన బొమ్మలు చూసి నవ్వినవారికి అవి ఎవరివో తెలియదు. ఇవి గాక, ఇద్దరు గొప్ప దర్శకులు తమ చిత్రాలలో కొద్ది నిమిషాలు ఆయనకు అప్పగించారు. అందులో మొదటిది మృణాల్ సేన్ 1969లో తీసిన ‘భువన్ షోమ్’. రైల్వేవారున్న కాలనీ గనుక దీన్ని తప్పక చెప్పాలి. భువన్ షోమ్ నియమాలు తప్ప మరొకటి ఎరుగని ఒక రైల్వే పెద్ద అధికారి, ఉత్పల్ దత్ ఆ పాత్ర ధరించారు. ఆ అధికారి ఉద్యోగజీవితాన్ని పరిహసించే చిన్న ఘట్టం బొమ్మలలో నడుస్తుంది. రైల్వేలో పనిచేసిన ఏ గుమాస్తా అయినా ఆ ఘట్టం చూసి తన పాత ఆఫీసరు పేరొకటి మనసులో అనుకోక మానడు.

రెండవది సత్యజిత్ రాయ్ 1977 చిత్రం ‘శత్రంజ్ కే ఖిలాడీ’. డల్‌హౌసీ ప్రభువు అయోధ్య రాజ్యాన్ని, అంటే లక్నో నవాబు ఏలుబడిలోని అవధ్‌ను, ఏదో ఒకనాడు తమ నోట్లో రాలిపడే చెర్రీపండుతో పోల్చి ఒక ఉత్తరంలో రాశాడు. రామ్ మోహన్ బొమ్మలలో పంజాబు, బర్మా, నాగపూర్, సతారా, ఝాన్సీ ఒక్కొక్క పండుగా ఆ దొరవారి నోట్లోకి పోతాయి. చూస్తే నవ్వు వస్తుంది. ఆ తరువాత ఆలోచన వస్తుంది. ఆ నాగపూర్ పండులోనే మన రాయపూర్ కూడ ఉన్నది. ఛత్తీస్‌గఢ్ ప్రాంతమంతా భోంస్లేల నాగపూర్ రాజ్యంలో భాగంగా 1854లో కంపెనీ వశమైంది. చరిత్ర పుస్తకంలో ఒక అధ్యాయం పట్టే సంగతిని తెరమీద ఒక దొర, ఒక ప్లేటు, నాలుగైదు పండ్లు చెప్పేశాయి. ‘యు సెడ్ ఇట్’ (1972), ‘ఫైర్ గేమ్స్’ (1983) అనే లఘుచిత్రాలకు కూడ ఆయన జాతీయ పురస్కారాలు పొందారు.

ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. ఆ రోజులలో కేంద్రప్రభుత్వ ఉద్యోగుల పదవీవిరమణ వయస్సు 58. దాన్ని 60కి పెంచినది 1998లో. రామ్ మోహన్ ఫిలిమ్స్ డివిజన్‌లోనే ఉండిపోయి ఉంటే 1989 ఆగస్టులో పూలదండ, శాలువా, గోడగడియారం పుచ్చుకుని ఇంటికి వెళ్ళేవారు. ఆయన పేరు చెప్పగానే ఇవాళ ప్రపంచం తలచుకునే రెండు పెద్ద పనులూ ఆ తేదీకి తరువాతివే.

మొదటిది రామాయణం. యుగో సాకో అనే జపాన్ దర్శకుడు, ఆచార్య బి.బి. లాల్ రామాయణ సంబంధమైన స్థలాలలో జరిపిన తవ్వకాల గురించి డాక్యుమెంటరీ తీయడానికి 1983 ప్రాంతంలో ఈ దేశం వచ్చాడు. ఆ పనిలో ఉండగా రామకథ ఆయనను పట్టుకున్నది. జపాన్ భాషలో దొరికిన రామాయణాలు అనేకం చదివాడు. మనిషిని నటుడిగా పెట్టి తీస్తే రాముడు ఆ నటుడే అయిపోతాడనీ, దేవుడైన రాముణ్ణి బొమ్మలోనే చూపగలమనీ ఆయన విశ్వాసం. భారత జపాన్ దేశాలు కలిసి తీయాలని ఆయన కోరిక. కాని విదేశీయుడు మన రామాయణాన్ని కార్టూను చేస్తాడా అన్న అభ్యంతరం లేచింది. ప్రభుత్వం చేయి కలపలేదు. చివరకు చిత్రం జపాన్‌లోనే తయారైంది. సాకో, కొయిచి ససాకి, రామ్ మోహన్ దర్శకులు. సంగీతం వనరాజ్ భాటియా.

ఈ అభ్యంతరం గురించి నా అభిప్రాయం దాచుకోను. రామకథను మన గొల్లసుద్దులవారు, తోలుబొమ్మలవారు, బుర్రకథలవారు తమతమ తీరున చెప్పుకున్నారు. జావా ద్వీపంవారు తోలుబొమ్మలలో ఆడించారు. థాయిలాండువారు తమ రాజభవనపు గోడలమీద చిత్రించారు. జపాన్‌వారు సెల్ పలకలమీద గీస్తే పోయేదేమిటి? పోయినది ఒకటే. ఆ చిత్రం బొంబాయిలో తయారై ఉంటే వందలమంది మన కుర్రవాళ్ళు ఆ పనిలో చేయి తిరిగినవాళ్ళయ్యేవారు. ఆ శిక్షణ జపాన్ కుర్రవాళ్ళకు దక్కింది. ఒక ఇంజనీరుగా నాకు కనిపించే నష్టం అది.

రామ్ మోహన్ పని అక్కడ సులువైనది కాదు. జపాన్ చిత్రకారులు గీతలో సిద్ధహస్తులే గాని, ధోవతి కట్టుకున్న మనిషి మెట్టెక్కేటప్పుడు కుచ్చిళ్ళు ఎటు కదులుతాయో వారికెట్లా తెలుస్తుంది? వారికి నమస్కారమంటే నడుము వంచడం, మనకు చేతులు జోడించడం. పెద్దల పాదాలకు మొక్కే తీరు, నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చునే తీరు, తల ఊపి సరేననే తీరు, ఇవన్నీ ఒక జాతి శరీరంలో ఉండే సంగతులు. పుస్తకంలో చదివితే రావు. ఎవరో ఒకరు పక్కన నిలబడి చూపించాలి. అరవై ఏళ్ళ వయస్సులో ఆయన ఆ పని చేశారు.

ఆ చిత్రానికి సుమారు లక్ష పలకలు గీశారని చెబుతారు. ఇటువంటి అంకెలు వింటే నాకు సరిచూసుకునే అలవాటు. చిత్రం నిడివి 135 నిమిషాలు, అనగా 8,100 సెకన్లు. సెకనుకు 12 బొమ్మల చొప్పున 97,200. కొన్నిచోట్ల ఒకే బొమ్మ ఎక్కువసేపు నిలుస్తుంది, కొన్నిచోట్ల రెండు మూడు పలకలు ఒకదానిపై ఒకటి పేరుస్తారు. హెచ్చుతగ్గులు పోను లక్ష అన్నది నమ్మదగిన అంకెయే. కంప్యూటరు సహాయం లేకుండా చేతితో గీసినవి.

మన కాలనీ మైదానంలో దసరాకు నిలబెట్టే రావణుడి బొమ్మ చుట్టుపక్కల జిల్లాలలో పేరుపొందినది. దాదాపు వంద అడుగుల వెదురుకట్టు, రంగుకాగితం. దాన్ని చూడడానికి వచ్చే జనంలో శ్రీకాకుళం, విజయనగరం నుంచి రైలుపనికి వచ్చి స్థిరపడిన కుటుంబాల మూడవ, నాలుగవ తరంవారు ఎందరో. పది తలలు అంత ఎత్తున నిలబెట్టడం వెదురు పనివారికి కష్టం. ఆ పది తలలను కదిలించడం బొమ్మల చిత్రకారునికి అంతకు మించిన కష్టం. ఒక తల ఇటు తిరిగితే తక్కిన తొమ్మిది ఎటు చూస్తున్నవో ప్రతి ఫ్రేములోను లెక్క ఉండాలి. మనవాడు ఒక్క సాయంత్రం నిలబడి కాలిపోతే చాలు. తెరమీదివాడు బతికి నడవాలి.

అంత శ్రమపడి తీసిన చిత్రం మన దేశంలో 1993 జనవరిలో ఢిల్లీ చిత్రోత్సవంలో ప్రదర్శితమైంది. 1992 డిసెంబరు సంఘటనలు జరిగి నెల తిరిగిన సమయం. విస్తృతంగా విడుదల కాలేదు. తరువాత టెలివిజనులో అప్పుడప్పుడు వచ్చి, ఆ తరం పిల్లల మనస్సులో నిలిచిపోయింది. హిందీలో రాముడికి అరుణ్ గోవిల్, రావణుడికి అమ్రీష్ పురి గొంతులిచ్చారు. సినిమాహాళ్ళలో మాత్రం 2025 జనవరి 24న గాని దేశమంతటా రాలేదు. అప్పుడు హిందీ, ఇంగ్లీషులతోపాటు తమిళం, తెలుగు భాషలలోను వచ్చింది. మన కొవ్వూరు రచయిత వి. విజయేంద్రప్రసాద్ ఆ ప్రయత్నానికి తోడ్పడ్డారు. అప్పటికి సాకో గాని, రామ్ మోహన్ గాని జీవించి లేరు. మన కాలనీలో పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో హిందీ చదువుతారు, తెలుగు అక్షరాలు చాలామందికి రావు. చందమామ చేతికిచ్చినా చదవలేని పిల్లవాడు తెలుగులో మాట్లాడే రాముణ్ణి విని అర్థం చేసుకోగలడు. ఈ కారణంగానైనా ఆ తెలుగు అనువాదం నాకు ముఖ్యమైనదిగా తోచింది.

రెండవ పెద్దపని మీనా. నా దృష్టిలో ఇదే ఆయన పనులన్నిటిలోను గొప్పది, రామాయణం కంటె కూడ. దక్షిణాసియా దేశాల కూటమి సార్క్ 1991 నుంచి 2000 వరకు బాలికల దశాబ్దంగా ప్రకటించింది. ఆ సందర్భంలో యునిసెఫ్ ఢాకా కార్యాలయంవారు ఒక ఆడపిల్లను కథానాయికగా పెట్టి బొమ్మల చిత్రాలు తీయాలని తలపెట్టారు. చిక్కేమిటంటే ఆ పిల్ల భారతదేశంలోను, బంగ్లాదేశ్‌లోను, పాకిస్తాన్‌లోను, నేపాల్‌లోను మన పిల్లే అనిపించాలి. చీర కట్టిస్తే ఒకరికి పరాయిది, సల్వార్ తొడిగితే మరొకరికి పరాయిది. ముఖం ఏ ప్రాంతపుదీ కాకూడదు, అన్ని ప్రాంతాలదీ కావాలి. రామ్ మోహన్ బృందం బొమ్మ వెనుక బొమ్మ గీసి పల్లెలకు పంపేది. అక్కడి పిల్లలకు, తల్లిదండ్రులకు చూపించి అభిప్రాయాలు తీసుకునేవారు. ఆ సంప్రదింపులలో పాల్గొన్నవారి సంఖ్య వేలలో ఉంది. చివరకు పొడుగు పావడా, చొక్కా, రెండు చురుకైన కళ్ళు గల ఎనిమిది తొమ్మిదేళ్ళ పిల్ల తేలింది. మీనా అన్న పేరు కూడ ఏ మతంవారైనా తమ పిల్లకు పెట్టుకునేదే. ఆమెకొక తమ్ముడు రాజు, మాటలు నేర్చిన చిలుక మిట్ఠూ.

తొలి చిత్రంలో మీనాకు బడికి పోవాలని ఉంటుంది, ఇంట్లో పంపరు. తనకు బదులు చిలుకను బడి కిటికీ దగ్గరకు పంపిస్తుంది. చిలుక లెక్కలు విని వచ్చి ఆమెకు అప్పజెబుతుంది. ఆ లెక్కతోనే ఇంటి కోళ్ళు లెక్కపెట్టి ఒకటి తగ్గిందని కనిపెట్టి దొంగను పట్టిస్తుంది. మరో చిత్రంలో మామిడిపండు పంచేటప్పుడు తమ్ముడికి పెద్దముక్క, తనకు చిన్నముక్క ఎందుకని అడుగుతుంది. ఒక్కరోజు అక్క తమ్ముళ్ళు పనులు మార్చుకుంటారు. సాయంత్రానికి రాజు నడుము పట్టుకుని కూర్చుంటాడు. ఎక్కడా ఉపన్యాసం లేదు, ఎవరినీ తిట్టలేదు. కాని ఆ చిత్రం చూసిన తరువాత పళ్ళెంలో ముక్కలు పెట్టే తల్లి చేయి ఒక్క క్షణం ఆగుతుంది. మన కాలనీ ఇళ్ళలో ఆ చేయి ఆగవలసిన అవసరం తీరిపోయిందని ఎవరైనా అనగలరా? నేను అనలేను. సెప్టెంబరు 24న ఇప్పటికీ దక్షిణాసియా దేశాలలో మీనా దినం జరుపుకుంటారు. ఒక కాగితపు పిల్లకు ఇంతకంటె ఏం కావాలి?

తరువాతి సంగతులు క్లుప్తంగా చెబుతాను. 1997లో ఆయన సంస్థ యుటివి సంస్థతో కలిసింది. 2006లో గ్రాఫిటీ పేర యానిమేషన్ పాఠశాల ప్రారంభమైంది. 2014లో పద్మశ్రీ వచ్చింది. 2019 అక్టోబరు 11న, ఎనభై ఎనిమిదేళ్ళ వయస్సులో, ముంబైలో మరణించారు. ఆయన ఉద్యోగం మొదలుపెట్టిన ఫిలిమ్స్ డివిజన్‌ను కేంద్రప్రభుత్వం జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థలో విలీనం చేసింది. ఆ ప్రక్రియ 2022లో జరిగింది. విలీనమైన ఆ సంస్థ కూడ మన సంస్థవలె ప్రభుత్వరంగానిదే. పాత రీళ్ళు భద్రంగా ఉంటాయని ఆశిద్దాం.

ఇక మిత్రుడి ప్రశ్న. బతకగలడు. కాని బొమ్మలంటే ఇష్టం ఉన్నంతమాత్రాన చాలదు. ఒకే నడకను రోజంతా కూర్చుని యాభైసార్లు గీసినా విసుగు పుట్టనివాడికే ఇది వృత్తి. ఈ రంగంలో దర్శకులు పదిమంది ఉంటే, పేరు తెరమీద కూడ సరిగా కనిపించని పనివారు వేయిమంది. ఆ వేయిమందిలో ఒకడుగా ఉండడానికి అభ్యంతరం లేకపోతేనే అడుగు పెట్టాలి. చదువులకు కొదవ లేదు. అహ్మదాబాద్‌లోని జాతీయ డిజైన్ సంస్థ 1961 నుంచి ఉన్నది. అటువంటిదే మరొకటి ఆంధ్రప్రదేశ్‌లో 2015లో మొదలైంది. ముంబై ఐఐటిలో డిజైన్ విభాగం ఉన్నది, దాని ప్రవేశపరీక్షలో గణితం, తర్కం బాగా వచ్చినవానికి మేలే జరుగుతుంది. కనుక ఆ పన్నెండవ తరగతి మార్కులు వృథా పోవు. వీటి పరీక్షలలో చోటు దొరకకపోతే వీధికొకటిగా వెలసిన శిక్షణాలయాలలో లక్షలు పోసేముందు, అక్కడ చదివి బయటపడిన విద్యార్థుల చేతిపని ఒకసారి అడిగి చూడమని మాత్రం తండ్రికి మనవి.

అంతవరకు ఆ అబ్బాయికి, కాలనీలోని తక్కిన పిల్లలకు ఒక పని చెబుతాను. రెండు వందల పేజీల పాత నోటుపుస్తకం తీసుకోండి. కుడివైపు పేజీలన్నిటి కింది మూలలో వరుసగా 24 బొమ్మలు గీయాలి, ఒక బంతి పైనుంచి పడి మళ్ళీ లేచినట్లు. పేజీలు బొటనవేలితో జారవిడిస్తే బంతి గెంతుతుంది. బొమ్మలు సమదూరంలో గీస్తే అది బంతిలా ఉండదు, గిలకకు కట్టిన బొక్కెనలా ఉంటుంది. పైన బంతి నెమ్మదిస్తుంది కనుక అక్కడ బొమ్మలు దగ్గర దగ్గరగా, నేలకు చేరేకొద్దీ దూరం దూరంగా పడాలి. ఎంత దూరమన్నది పదకొండవ తరగతి భౌతికశాస్త్రం పుస్తకంలో ఉన్నది. నేలను తాకిన ఒక్క బొమ్మలో బంతిని కాస్త అణిచి, బల్లపరుపుగా గీయండి. రబ్బరుబంతి అయితే ఎక్కువ అణచాలి, క్రికెటుబంతి అయితే అసలు అణచనక్కరలేదు. బాగా వచ్చిన పుస్తకాలు పత్రిక కార్యాలయానికి పంపితే వచ్చే సంచికలో వాటి సంగతి రాస్తాను. పుస్తకం తిరిగి కావాలనుకునేవారు అట్టమీద క్వార్టరు నంబరు వేయడం మరవవద్దు.